మేక కళ్ళ కథలో ఆ ఎనిమిదేళ్ళ పిల్లవాడు రాయలు కాదు

"ఎనిమిదేళ్ళ కృష్ణదేవరాయల కళ్ళు పీకించమన్నాడు సవతి అన్న వీరనరసింహరాయలు. తిమ్మరుసు మేక కళ్ళు చూపించి పిల్లవాణ్ణి కాపాడాడు, పట్టాభిషేకానికి ముందు చెంపదెబ్బ కొట్టి రాజధర్మం నేర్పాడు. ఇదంతా శాసనాల్లో ఉంది." ఈ మెసేజ్ తిరగని గ్రూపు లేదు.

ముందు వయసు సంగతి. మేక కళ్ళ కథ రాసింది పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్. ఆయన లెక్కలో ఎనిమిదేళ్ళవాడు వీరనరసింహుడి కొడుకు. రాయలకు అప్పటికే ఇరవై దాటాయి. తిమ్మరుసు ఆయన్ని గుర్రపుశాలలోకి తీసుకెళ్ళి విషయం చెప్పాడట (గుర్రాల వ్యాపారికి ఇంకే చోటు తోస్తుంది!). నాకు రాజ్యం వద్దు, జోగిలా బతికేస్తాను, కళ్ళు మాత్రం తీయొద్దు అన్నాడట రాయలు. పసివాడికన్నా ఈయనే రాజ్యానికి తగినవాడని మంత్రి లెక్క వేసుకున్నాడు. అంటే అది జాలి కథ కాదు, రాజకీయం.

ఇక శాసనాలు. రాయలు గద్దెనెక్కింది 1509లో. ఆ కొత్తలోనే వేయించిన హంపి విరూపాక్షాలయ శాసనం, అన్న స్వర్గస్థుడయ్యాక రాయలు భూభారాన్ని మణికేయూరంలా (మణులు పొదిగిన భుజకీర్తిలా) భుజాన మోశాడంటుంది. మేక ఊసే లేదు. 1520 ప్రాంతంలో రాయల్ని కళ్ళారా చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఆయన ముఖం మీది స్ఫోటకం మచ్చలు కూడా రాశాడు కానీ ఈ కథ రాయలేదు. నూనిజ్ రాసింది 1535 ప్రాంతంలో, పాతికేళ్ళ తర్వాత విన్న మాట. అలాగని ఇది కట్టుకథే అని తేల్చలేం. రాజును పొగిడే ప్రశస్తి శాసనంలో ఇంటి గొడవలు ఎవరు చెక్కిస్తారు? కానీ "శాసనాల్లో ఉంది" అనడం మాత్రం అబద్ధం.

సవతి అన్న అన్నది నిజమే. వీరనరసింహుడి తల్లి తిప్పాంబ, రాయల తల్లి నాగలాంబ. అయితే నూనిజ్ చెప్పిన కారణం సవతి పగ కాదు, తన తర్వాత రాజ్యంలో తగాదాలు రాకూడదని.

చెంపదెబ్బ నూనిజ్‌లో కూడా లేదు.

నూనిజ్‌ను నమ్మేవాళ్ళు ఆయన ఆ వెంటనే రాసిందీ పంచాలి కదా. రాయలు రాజవుతూనే ఆ ఎనిమిదేళ్ళ పిల్లవాణ్ణీ, తన ముగ్గురు తమ్ముళ్ళనూ చంద్రగిరి కోటకు పంపేశాడు. పిల్లవాడు చచ్చేదాకా అక్కడే ఉన్నాడు. తమ్ముళ్ళలో అచ్యుతరాయలు మాత్రం 1529లో ఆ కోట నుంచే వచ్చి రాజయ్యాడు.