సర్క్యూట్ కన్నా సాఫ్ట్‌వేరే కష్టమైతే డిజైనర్లు ఎక్కడి నుంచి వస్తారు?

చిప్పుల కర్మాగారానికి శంకుస్థాపన జరిగిన ప్రతిసారీ మన చర్చంతా పెట్టుబడులు, భూములు, రాయితీల చుట్టూనే తిరుగుతుంది. ఆ చిప్పును, దాన్ని మోసే సర్క్యూట్ బోర్డును గీయడానికి వాడే సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడేవారు అరుదు. అది వాడకానికి ఎంత అనువుగా ఉందన్న ప్రశ్నను ఇంజినీర్లు సైతం రంగులు, బొత్తాల వ్యవహారంగా తీసిపారేస్తున్నారు. ఇది పెద్ద పొరపాటు. హార్డ్‌వేర్ డిజైన్ ఎవరి చేతికి అందుతుందో, ఎవరికి అందకుండా పోతుందో చాలావరకు తేల్చేది ఈ ప్రశ్నే.

కీక్యాడ్ సంగతే చూద్దాం. 1992లో ఫ్రాన్స్‌లో జాన్ పియర్ షరాస్ మొదలుపెట్టిన ఈ ఉచిత సర్క్యూట్ బోర్డు డిజైన్ సాఫ్ట్‌వేర్ ఎన్నో ఏళ్ల పాటు పనిచేసేదే గానీ, పని సాగనిచ్చేది కాదు. స్కీమాటిక్ (సర్క్యూట్ చిత్రం) గీశాక ఏది దేనికి కలుస్తుందో చెప్పే నెట్‌లిస్ట్ ఫైలు తీయాలి, విడిభాగాలకు ఫుట్‌ప్రింట్లను (బోర్డు మీద అవి అతికే రాగి అచ్చులను) మరో ప్రోగ్రాంలో జతచేయాలి, ఆపై బోర్డు ఎడిటర్‌లోకి వెళ్లి ఆ నెట్‌లిస్ట్‌ను చదివించాలి. కొత్తగా ఒక్క రెసిస్టర్ చేర్చినా ఈ తంతు మళ్లీ మొదలు. 2018 జులైలో వచ్చిన 5వ వెర్షన్ ఈ నెట్‌లిస్ట్ తంతును ఒకే ఆదేశానికి కుదించింది. 2021 డిసెంబరులో వచ్చిన 6వ వెర్షన్, అప్పటిదాకా వేర్వేరుగా ప్రవర్తించిన స్కీమాటిక్, బోర్డు ఎడిటర్లను ఎంపికలోనూ కదలికలోనూ దాదాపు ఒకే తీరుకు తెచ్చింది. ఈ మార్పుల్లో ఎలక్ట్రానిక్స్‌కు సంబంధించిన కొత్త సూత్రమేదీ లేదు. అయినా ఔత్సాహికుల పనిముట్టుగా ఉన్న కీక్యాడ్‌ను వృత్తి నిపుణులు నమ్మి చేపట్టే స్థాయికి చేర్చడంలో వీటిదే ప్రధాన పాత్ర అన్నది నా దృఢాభిప్రాయం.

ఇంకా మిగిలిన పని ఎంతో తెలియాలంటే ఒక్క ట్రాన్సిస్టర్ చాలు. మన ల్యాబుల్లో విరివిగా కనిపించే బీసీ547ను చదునైన ముఖం మనవైపు ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి వరుసగా కలెక్టర్, బేస్, ఎమిటర్ ఉంటాయి. చూడటానికి అచ్చం అలాగే ఉండే పీఎన్2222లో ఈ వరుస సరిగ్గా తిరగబడుతుంది. కీక్యాడ్ లైబ్రరీలో చాలాకాలం ఈ ఎన్‌పీఎన్ రకం ట్రాన్సిస్టర్‌కు కాళ్ల వరుసను బట్టి బీసీఈ, సీబీఈ, ఈబీసీ అంటూ పలు సాధారణ చిహ్నాలు ఉండేవి. తెర మీద బొమ్మలన్నీ ఒకేలా కనిపిస్తాయి. తేడా అంతా పేరు చివరి మూడు అక్షరాల్లోనే. తప్పు చిహ్నాన్ని ఎంచుకున్న విద్యార్థికి సాఫ్ట్‌వేర్ చేసే తనిఖీలైన ఎలక్ట్రికల్ రూల్ చెక్ గానీ, డిజైన్ రూల్ చెక్ గానీ అభ్యంతరం చెప్పవు. అవి గీసినదాన్ని నియమాలతో సరిచూస్తాయే తప్ప తయారీ సంస్థ ఇచ్చే వివరపత్రమైన డేటాషీట్‌తో పోల్చి చూడవు. బోర్డు తయారై వచ్చి, సోల్డరింగ్ ముగిసి, కరెంటు ఇచ్చాక గానీ తప్పు బయటపడదు. అప్పటికి డబ్బూ పోయింది, వారాలూ పోయాయి. వర్డ్ ఫైలులో దొర్లిన తప్పును ఒక్క మీటతో వెనక్కి తీసుకోవచ్చు. రాగిలో అచ్చయిన తప్పుకు ఆ వెసులుబాటు లేదు. కాబట్టి ఈ రంగంలో వాడుక సౌలభ్యం అంటే తప్పును ఖర్చుకు ముందే కంటికి కనబడేలా చేయడం. చిహ్నాన్ని ఎంచుకునే క్షణంలోనే ప్యాకేజీ బొమ్మను చూపి, 1, 2, 3 అంకెల పక్కన కలెక్టర్, బేస్, ఎమిటర్ అని పేర్లు రాస్తే ఎన్ని బోర్డులు చెత్తబుట్ట పాలు కాకుండా ఉంటాయో ఆలోచించండి.

హార్డ్‌వేర్ స్వభావరీత్యానే సంక్లిష్టమైనదనీ, పనిముట్టును సులభతరం చేస్తే నిపుణుల వేగం తగ్గుతుందనీ, చేతికి అలవాటైన షార్ట్‌కట్లు చెడిపోతాయనీ అనుభవజ్ఞులు వాదిస్తారు. షార్ట్‌కట్ల ఆందోళనలో న్యాయముంది, వాటిని కాపాడుకోవచ్చు. అయితే సర్క్యూట్ కష్టం వేరు, సాఫ్ట్‌వేర్ తెచ్చిపెట్టే కష్టం వేరు. రెండోదాన్ని భరించడాన్ని నైపుణ్యంగా లెక్కగట్టడం సరికాదు.

అసలు ప్రశ్న ఇంతకన్నా పెద్దది. 2025 మే నెలాఖరులో అమెరికా ప్రభుత్వం చిప్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను చైనాకు అమ్మడంపై ఆంక్షలు విధించింది. సినాప్సిస్, కేడెన్స్, సీమెన్స్ సంస్థలు ఆ మేరకు అమ్మకాలు ఆపాయి. జులై మొదట్లో ఆంక్షలు తొలగాయి. ఒక్క ఉత్తర్వుతో ఒక దేశపు డిజైనర్ల పనిముట్లు ఇంకొకరి దయాదాక్షిణ్యాల మీద ఆధారపడిపోయాయి. బోర్డుల రంగంలో ఉత్తర్వు కూడా అక్కర్లేదు: ఈగిల్ అనే బోర్డు డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను 2026 జూన్ 7తో నిలిపేస్తామని ఆటోడెస్క్ 2023లోనే ప్రకటించింది. మన కేంద్ర ప్రభుత్వం 85,000 మందిని చిప్ డిజైన్‌లో తీర్చిదిద్దాలన్న లక్ష్యంతో బెంగళూరులోని ప్రభుత్వ కంప్యూటింగ్ పరిశోధన సంస్థ సీడాక్‌లో ఉన్న చిప్‌ఇన్ కేంద్రం ద్వారా కళాశాలలకు వాణిజ్య సాఫ్ట్‌వేర్‌ను అందిస్తోంది. ఇది అవసరమే, కానీ సరిపోదు. లైసెన్సు గడువు తీరిన నాడు ఆ విద్యార్థి చేతిలో మిగిలేది ఏమిటి? ఎవరూ వెనక్కి తీసుకోలేని పనిముట్లు, ఎవరైనా వాడుకుని మార్చుకోగల ఓపెన్ సోర్స్‌లో ఉన్నాయి. వాటిని మామూలు విద్యార్థి వాడగలిగేలా చేయడమే స్వావలంబన.

పునాది మన దగ్గరే ఉంది. కీక్యాడ్‌ను, సర్క్యూట్ పనితీరును కంప్యూటర్‌లోనే పరీక్షించే ఎన్‌జీస్పైస్‌ను కలిపి ఐఐటీ బాంబేలోని ఓపెన్ సోర్స్ బృందం ఫాసీ, ఈసిమ్ అనే సర్క్యూట్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను రూపొందించింది. హైదరాబాద్‌లోని టీ-వర్క్స్ వంటి నమూనా తయారీ కేంద్రాలు తమ వద్దకు వచ్చే బోర్డు ఫైళ్లలో పదేపదే కనిపించే తప్పులను నమోదు చేయాలి. ఏపీ, తెలంగాణ సాంకేతిక విద్యా మండళ్లు పాలిటెక్నిక్ ల్యాబుల్లో విద్యార్థులు ఏ మెనూ దగ్గర ఆగిపోతున్నారో గమనించి రాయించాలి. లైసెన్సులకు వెచ్చించే సొమ్ములో కొంత భాగాన్ని, ఆ తప్పులను సరిదిద్ది కీక్యాడ్, ఈసిమ్ మూల ప్రాజెక్టులకే తిరిగి అందించే ఇంజినీర్ల జీతాలకు వచ్చే బడ్జెట్‌లోనే కేటాయించాలి.