నాన్నగారి బండి టైర్లు

డిసెంబరులో విశాఖలో జరిగిన మన ప్రవాస తెలుగు సంఘం సేవా కార్యక్రమాల ముగింపు సభకి వచ్చినవాళ్లకి ఆ వందన సమర్పణ గుర్తుండే ఉంటుంది. శాలువాలు, జ్ఞాపికలు అయ్యాయి. చివర్లో మైకు పుచ్చుకున్న పెద్దాయన, అరకు ట్రిప్పులో మా బండి సంగతి ఎత్తి, "మన డ్రైవర్లకి ఘాట్ రోడ్డంటే రేసు కదండీ! దేవుడి దయవల్ల అందరం క్షేమం" అన్నారు. హాలంతా నవ్వింది. ఆ డ్రైవరు వెనక గుమ్మం దగ్గర భోజనం ప్లేటుతో నిలబడి ఉన్నాడు. నేను రెండో వరసలో ఉన్నాను. లేచి ఒక్క మాట చెప్పాల్సింది. చెప్పలేదు.

జరిగింది ఇదీ. అనంతగిరి దాటి శృంగవరపుకోట వైపు దిగుతున్నాం. ఏడుగురం, డిక్కీ నిండా అరకు కాఫీ పొడి. బండి నలభై కూడా దాటలేదు. వెనక ఎడమ టైరు పేలింది, బండి వెనకభాగం లోయ వైపు జారింది. అతను బ్రేకు తొక్కలేదు. స్టీరింగు బిగించి పట్టుకుని, గేర్లు దించుకుంటూ కొండవైపు ఆనించి ఆపాడు. బండి ఆగాక కూడా అమ్మ సింహాచలం దేవుణ్ణి తలుచుకుంటూ "అప్పన్నా, అప్పన్నా" అంటూనే ఉంది.

జాకీ ఎక్కిస్తూ అతను నన్ను పిలిచి, పేలకుండా మిగిలిన టైరు చూపించాడు. "గ్రిప్పు సూడండి బాబూ, కొత్తదాన్లాగే ఉంది. పక్కని సూడండి, ఎలాగ బీటలిచ్చీసిందో. ఇది అరగలేదు బాబూ, ముసిలిదైపోనాది." ఆ బీటల మధ్య చిన్న గడిలో నాలుగంకెలు: 2316. అంటే 2016లో 23వ వారంలో తయారైన టైరు. బండితో పాటు వచ్చిందే.

ఆ బండి కొన్నరోజు నాకు బాగా గుర్తు. ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడి ముందు దండ వేసి, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. ఆ తర్వాత ఆ టైర్ల వంక ఎవరైనా చూశామా? ఎంవీపీ కాలనీలో ఇంటి ముందు ఎండలో, ఉప్పుగాలిలో నిలబడే ఉంది పాపం. సింహాచలం కొండకి, రైల్వేస్టేషనుకి, మేం దిగినప్పుడు ఎయిర్‌పోర్టుకి, అంతే దాని తిరుగుడు. తిరగకపోతే టైరు అరగదు. కానీ రబ్బరు ఎండిపోవడానికి బండి కదలక్కర్లేదు. గ్రిప్పు ఎంత మిగిలినా అయిదేళ్లు దాటాక ఏటా చూపించమనీ, పదేళ్లకి మించి వాడొద్దనీ పెద్ద టైరు కంపెనీలే చెబుతాయి. మన ఎండలకి ఆ పదేళ్ల దాకా ఆగడం కూడా సాహసమే.

ఇప్పుడు అసలు కుట్టేది చెబుతాను. రెండేళ్ల కిందట నాన్నగారు ఫోన్ చేశారు, మెకానిక్కు టైర్లు మార్చమంటున్నాడని. అప్పుడే నేను న్యూజెర్సీలో నా బండికి టైర్ల కోసం మూడు వారాలు కూర్చుని, మంచులో పట్టు ఉంటుందని చెప్పే మంచుకొండ గుర్తున్నవి ఏరి ఏరి కొన్నాను. అంత తెలిసినవాణ్ణి ఏమన్నాను? "వ్యాపారం కోసం అలాగే చెబుతారు నాన్నా. గాడిలో రూపాయి బిళ్ల పెట్టి చూడండి." అమెరికాలో పెన్నీ బిళ్ల పెట్టి, దానిమీది లింకన్ తల కనిపిస్తోందేమో చూసే మన చిట్కా! అది అరుగుదల చెబుతుంది, వయసు చెప్పదు. నాన్నగారు బిళ్ల పెట్టారు, అది మునిగింది, నాకు ఫోటో కూడా పంపారు.

ఘాట్‌లో టైరు పేలిన మర్నాడు టైర్ల షాపుకి వెళ్లాం. బావమరిదికి మట్టిరోడ్ల టైర్లు, ఆ పెద్ద పెద్ద గుబ్బలవి, వేయించాలని సరదా. సింహాచలం మెట్లెక్కిస్తావా బండిని అన్నాను. తారురోడ్డు మీద అవి హోరెత్తుతాయి, మైలేజీ తింటాయి. కుటుంబం బండికి కావలసింది వానలో రోడ్డు వదలని హైవే టైరు, పాత కొలతలోనే: 235/65 ఆర్ 17, పక్కన 104. ఆ 104 అంటే ఒక్కో టైరు 900 కిలోలు మోస్తుందని. అందులో తగ్గకూడదు. షాపతను డిస్కౌంటుకి చూపించినవి రెండేళ్ల నాటి సరుకు, వద్దన్నాం. "రెండే వేసి, ముందుకి పెట్టేద్దాం" అన్నాడు. రెండే కొంటే కొత్తవి వెనక్కి వెళ్లాలి, లేకపోతే తడిరోడ్డు మీద మొదట జారేది అరిగిన వెనక చక్రాలే. మేం నాలుగూ మార్చాం. అయిదోదీ మార్చాం. స్టెప్నీ కూడా 2016దే అని అప్పుడే చూశాం. దానిమీదే ఏడుగురం కొండ దిగి ఇంటికొచ్చాం.

పెద్దాయన మాట పూర్తిగా అబద్ధమనను. ఆ ఘాట్‌లో రేసులు పెట్టేవాళ్లున్నారు. పాతది పారేయడానికి చేతులు రాని ఇళ్లూ మనవే, మా పెరట్లో పాత టైరులో కనకాంబరాలు పూస్తున్నాయి. కానీ ఆ రోజు పేలింది డ్రైవరు తొందర కాదు, నా ఫోన్ సలహా. సంక్రాంతికి వెళ్లేవాళ్లంతా అమ్మానాన్నల బండి పక్కన ఒక్కసారి గొంతుక్కూర్చుని ఆ నాలుగంకెలు చదవండి. మన కార్యవర్గం కూడా ఈసారి కాన్వాయ్ కట్టేముందు ఆ పని చేయించాలి. మిగిలిన శాలువా ఒకటి ఉంటే, ఎవరికి కప్పాలో కూడా చెప్పగలను.

కొత్త టైర్లతో నాన్నగారు నేరుగా గుడికే పోనిమ్మన్నారు. మళ్లీ నాలుగు నిమ్మకాయలు. ఇంటికొచ్చాక, మోకాళ్ల నొప్పితోనే వంగి 3825 అని పైకి చదివి, గోడ క్యాలెండరులో గ్యాస్ బండ తేదీ పక్కన రాసుకున్నారు.