చలి పేరు చెప్పి పాత డీజిల్ ఆటోను పాడుచేసుకోవద్దు

ధనుర్మాసం మొదలైంది మొదలు సంక్రాంతి దాటేవరకు పలమనేరు, బైరెడ్డిపల్లె, వి.కోట వైపు పల్లెల్లో తెల్లవారుజామున తరచూ కనిపించే దృశ్యం ఒకటుంది. టమాటా క్రేట్లతో మండీకి బయలుదేరవలసిన పాత డీజిల్ ట్రాలీ ఆటో మొరాయిస్తుంది. నలుగురు కలిసి తోస్తారు, అప్పటికీ అందుకోకపోతే ఎవరో ఒకరు ఎయిర్ ఫిల్టర్ పైపు ఊడదీసి అందులో పెట్రోలు పోస్తారు. ఒక కుటుంబానికి తిండి పెడుతున్న బండిని ఇలా హింసించడం చూసి ఊరుకోలేక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మొగిలి ఘాట్ ఎక్కితే చిత్తూరు కన్నా చలి ఎక్కువన్నది నిజమే, పలమనేరు సుమారు 680 మీటర్ల ఎత్తులో ఉంది. అయితే ఈ చలికి డీజిల్ గడ్డకట్టదు. మన దేశ ప్రమాణాల ప్రకారం చలికాలపు డీజిల్ పోర్ పాయింట్, అంటే అది పారడం మానేసే స్థాయి, 3 డిగ్రీలకు మించకూడదు. ఇక్కడి తెల్లవారుజాములు సాధారణంగా అంతకు చాలా పైనే ఉంటాయి. కాబట్టి డీజిల్ పేరుకుపోయిందని ట్యాంకు కింద గడ్డి మంట వేయడం అనవసరం, పైగా ప్రాణాంతకం.

డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని బలంగా నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. సిలిండరు చల్లగా ఉన్నప్పుడు ఆ వేడిలో కొంత ఇనుమే పీల్చేసుకుంటుంది, పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగి ఉంటే నొక్కిన గాలి పక్కల నుంచి జారిపోతుంది, సెల్ఫ్ (ఇంజిన్‌ను తిప్పే స్టార్టర్ మోటారు) నెమ్మదిగా తిప్పితే ఈ రెండు నష్టాలకూ ఇంకా ఎక్కువ సమయం దొరుకుతుంది. వేసవిలో కూడా ఈ లోపాలన్నీ బండిలో ఉన్నవే, అప్పుడు వాతావరణం ఇచ్చే వేడి వాటిని కప్పిపుచ్చుతుంది, అంతే.

పెట్రోలు సంగతి స్పష్టంగా చెప్పాలి. అది సిలిండరు గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది, దాంతో రింగులు ఒట్టి ఇనుము మీద రాసుకుంటాయి. దాని ఆవిరి గాలంతటా కలిసి ఉంటుంది కనుక అంటుకున్నప్పుడు ఒక్కసారిగా భగ్గుమంటుంది. డబ్బాల్లో దొరికే ఈథర్ స్ప్రే ఇంకా ప్రమాదకరం. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే అది అంటుకొని ఎదురు కొడుతుంది, రింగులు విరగడానికి, కనెక్టింగ్ రాడ్ వంగడానికి ఇది చాలు. స్టార్టు చేసేముందు సిలిండరును వేడెక్కించే హీటర్ ప్లగ్ ఉన్న ఇంజిన్‌లో అయితే స్ప్రే జోలికే పోకూడదు. ఆ ఉదయానికి బండి కదిలిందని సంతోషించేవారు, వచ్చే ఏడాది చలికి అది ఇంకా మొండికేయడానికి తామే పునాది వేశారని గుర్తించాలి.

మరి ఏం చేయాలంటే, ముందు పొగను చూడాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు సైలెన్సర్ నుంచి తెల్లని పొగ, పచ్చి డీజిల్ వాసన వస్తుంటే ఇంధనం లోపలికి చేరుతోందనీ, కాలడం లేదనీ అర్థం. పొగే రాకపోతే డీజిల్ అందడం లేదని తెలుసుకోవాలి. అప్పుడు ఫిల్టరు, పైపులు, జాయింట్ల దగ్గరి రాగి వాషర్లు చూడాలి. డీజిల్‌ను ఇంజిన్‌కు పంపే పంపు కన్నా ట్యాంకు కింద ఉన్న బండ్లలో పైపుకు సన్నని పగులున్నా రాత్రంతా డీజిల్ వెనక్కి జారిపోయి గాలి చేరుతుంది. దీన్ని పట్టుకోవడం తేలిక. మిట్టమధ్యాహ్నం కూడా కొన్ని గంటలు నిలబెట్టిన తరువాత ఇదే ఇబ్బంది వస్తే, ఆ తప్పు చలిది కాదు.

బ్యాటరీ విషయంలో మనవాళ్ల అశ్రద్ధ నాకు బాధ కలిగిస్తుంది. టెర్మినల్ మీద పూత పేరుకొని ఉంటుంది, ఛాసిస్‌కు బిగించిన ఎర్త్ వైరు తుప్పులో కూరుకుపోయి ఉంటుంది, అయినా కొత్త బ్యాటరీకి డబ్బు పెడతారు. నిండుగా ఛార్జ్ అయిన 12 వోల్టుల బ్యాటరీ వాడకుండా ఉంచినప్పుడు సుమారు 12.6 చూపాలి. 12.2కు వచ్చిందంటే సగం ఖాళీ అయినట్టే. సెల్ఫ్‌ను ఒకేసారి పది సెకన్లకు మించి కొట్టకుండా మధ్యలో అరనిమిషం ఆగాలి. ఇంజిన్ ఆయిల్ కూడా ఇక్కడే దెబ్బతీస్తుంది. పొగ తగ్గుతుందని చిక్కని 40 నంబరు ఆయిల్ పోయించేవారు చాలామంది ఉన్నారు. తెల్లవారుజామున అది పాకంలా బిగిసి ఇంజిన్‌ను తిరగనివ్వదు. కంపెనీ పుస్తకంలో 15డబ్ల్యూ-40 అని ఉంటే అదే పోయాలి, ఆ డబ్ల్యూ ముందున్న సంఖ్య తగ్గేకొద్దీ ఆయిల్ చలిలో తేలికగా పారుతుంది.

మన బండ్లు తారురోడ్డు మీదకన్నా చేలదారుల్లో, మామిడి తోటల మట్టిబాటల్లో ఎక్కువ తిరుగుతాయి. ఆ దుమ్ము ఎయిర్ ఫిల్టర్‌ను దాటి లోపలికి పోతే రింగులనూ బోరునూ (సిలిండరు లోపలి గోడ) ఆకురాయిలా అరగదీస్తుంది. కాబట్టి ఫిల్టర్ శుభ్రతను, దాని పైపు బిగుతును పంట రోజుల్లో మరింత తరచుగా చూడాలి.

ఇవన్నీ సరిగా ఉన్నా తెల్లపొగే వస్తుంటే టాపెట్ సెట్టింగ్, అంటే గాలి, పొగ దారులను మూసి తెరిచే వాల్వుల సందు సర్దుబాటు, చూపించండి. వాల్వు దగ్గర ఉండవలసిన సందు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, గాలిని నొక్కే బలం (కంప్రెషన్) నిలవదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, పుస్తకంలో ఇచ్చిన కొలతకు, ఫీలర్ గేజ్ (సందును కొలిచే పలుచని రేకు) పెట్టి చేయవలసిన చిన్న పని ఇది. సిలిండరులోకి డీజిల్ చిమ్మే నాజిల్‌ను కూడా టెస్టింగ్ బెంచ్ మీద పెట్టించాలి, డీజిల్ మంచులా చిమ్మకుండా చుక్కలుగా కారితే చల్లని సిలిండరులో అది కాలదు.

బోరు పని చేయాలని మెకానిక్ చెప్తే వెంటనే ఒప్పుకోవద్దు. రెండు వాల్వులూ మూసుకున్న స్థితిలో పిస్టన్‌ను పైకి తెచ్చి, అక్కడే నిలిచేలా ఆపి, నాజిల్ తీసిన రంధ్రం నుంచి కంప్రెసర్ గాలి పంపించమని అడగండి. ఎయిర్ ఫిల్టర్ పైపులో బుస వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వు, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గర గట్టిగా వినిపిస్తే రింగులు, బోరు అని అర్థం. ఆ చివరిది మీ చెవులతో మీరు విన్న తరువాతే బోరు పనికి డబ్బు ఇవ్వండి.