ఈసీలో వీడియో షాపు

(కాకినాడ. ముందు గదిలో చాప మీద పాత కాగితాల కుప్ప, మధ్యలో సూర్యం. కుర్చీలో భాను, చేతిలో ఈసీ - ఇంటి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం.)

సూర్యం: నాన్న కట్టిన ఇల్లు, నేనొక్కణ్ణే కొడుకుని. అమ్మాలంటే ఆధార్, పాన్ పట్టుకెళ్ళి సంతకం పెట్టి రావడమే. ఇంత హడావిడి ఎందుకే?

భాను: మామయ్యగారు వీలునామా రాశారా?

సూర్యం: కిరాణా చీటీ కూడా నీ చేతే రాయించేవాడు. వీలునామా ఎక్కడ రాస్తాడు?

భాను: అయితే వదినకీ సగం. అత్తయ్యగారూ లేరు కదా, ఇక వారసులు మీరిద్దరే. మా అన్నయ్య ఎన్నేళ్ళ నుంచి దస్తావేజులు రాస్తున్నాడూ...

సూర్యం: ఫీజు వస్తుందంటే మీ అన్నయ్య నాకింకో ఇద్దరు అక్కల్ని పుట్టిస్తాడు!

భాను: చెప్పింది అన్నయ్య కాదు, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం. తండ్రి స్వార్జితంలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా.

సూర్యం: అక్కకి కట్నం ఇచ్చాం కదా!

భాను: ఆ ముక్క రిజిస్ట్రారు ఎదుట గట్టిగా అనండి. ఇల్లు అమ్మడానికి వెళ్ళి కట్నం కేసులో తేలతారు. సరేగానీ, ఇదేమిటి? ఈసీలో 1996లో తాకట్టు అని పడింది.

సూర్యం: అబ్బ, ఇంటిపన్ను రసీదులు నాన్న ఎంత బాగా దాచాడో చూడవే!

భాను: ఏమండీ, తాకట్టు.

సూర్యం: ...వీడియో షాపుకి.

భాను: ఏ వీడియో షాపు?

సూర్యం: క్యాసెట్లు అద్దెకిచ్చే షాపు. మన పెళ్ళికి ముందే మూసేశాలే.

భాను: పెళ్ళిచూపుల్లో 'అబ్బాయి ఎలక్ట్రానిక్స్ వ్యాపారం' అన్నారు!

సూర్యం: క్యాసెట్ ఎలక్ట్రానిక్స్ కాదా? అయినా బాకీ నాన్న ఎప్పుడో తీర్చేశాడు.

భాను: తీర్చారు, కానీ తాకట్టు విడుదల దస్తావేజు రిజిస్టర్ చేయించలేదు. ఈసీ లెక్కలో ఈ ఇల్లు ఇంకా మీ క్యాసెట్ల కిందే ఉంది. బ్యాంకుకెళ్ళి అడగాలి.

సూర్యం: ఆ బ్యాంకు ఇంకో బ్యాంకులో కలిసిపోయిందే...

భాను: కలిసినదాన్నే అడుగుదురుగాని. ఇంకోటి. డెత్ సర్టిఫికెట్లో 'సత్తిబాబు', దస్తావేజులో 'సత్యనారాయణమూర్తి'.

సూర్యం: ఊరంతా సత్తిబాబనే పిలిచేది!

భాను: ఊరొచ్చి సంతకం పెట్టదు. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ కావాలి. తహసీల్దారు దగ్గర ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కావాలి. అన్నిటికన్నా ముందు వదినకి ఫోన్ చేయాలి.

సూర్యం: మాట్లాడదే. మన అమ్మాయి శుభలేఖలో బావ పేరు తప్పు పడ్డప్పటి నుంచీ మూతి ముడుచుకుంది.

భాను: పేరు తప్పు పడటం మీ ఇంటి ఆచారం అని చెప్పండి. అమెరికా నుంచి రాలేకపోతే తన బదులు సంతకం పెట్టమని అక్కడి ఇండియన్ కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ రాసి పంపొచ్చు. ఇక్కడికి చేరాక మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. అది మీరు బీరువాలో పెట్టి మర్చిపోకపోతే చాలు. అన్నట్టు, అడ్వాన్సు తీసుకోలేదు కదా?

సూర్యం: నలభై వేలే. క్యాషే.

భాను: అయ్యో రామా! ఇల్లు అమ్మేటప్పుడు ఇరవై వేలు, ఆపైన క్యాష్ తీసుకోకూడదండీ. తీసుకున్నదంత జరిమానా వేస్తారు. ఇప్పుడే బ్యాంకు ద్వారానే తిరిగిచ్చేసి, వాళ్ళనీ బ్యాంకులోనే వేయమనండి. ఏవీ?

సూర్యం: ఇరవై ఎనిమిది వేలున్నాయి.

భాను: మిగతావి?

సూర్యం: ఉప్పాడ చీర కొన్నాను.

భాను: (సిగ్గుపడుతూ) చెప్పనైనా చెప్పలేదు. ఏ రంగు?

సూర్యం: అక్కకి నెమలికంఠం రంగంటే ఇష్టం కదా...

భాను: అంటే వదిన సంతకం కావాలని ముందే తెలుసన్నమాట! మరి నాకో?

సూర్యం: నీ సంతకంతో పనిలేదు కదే!

భాను: (కళ్ళజోడు తీసి) సాక్షులు ఇద్దరు కావాలండీ. అమ్మేవాడి పెళ్ళాం సాక్షి సంతకం లేందే కొనేవాళ్ళు నమ్మరు.

సూర్యం: ...ఉప్పాడ బస్సు ఎన్నింటికే?