కమ్యూనిటీ ఫామ్‌లో పండించడం ఈజీనే, పంచడం దగ్గరే అసలు పేచీ

ఊళ్ళోవాళ్ళు వాలంటీర్లుగా వచ్చి కలిసి పండించే కమ్యూనిటీ ఫామ్ మీద ఏ ఆర్టికల్ తీసినా ముందు మట్టి వాసన గురించి ఉంటుంది, తర్వాత చేతులకి బురద పూసుకున్న పిల్లల ఫోటో ఉంటుంది, చివర్లో బుట్ట నిండా టమాటాలు పట్టుకుని నవ్వుతున్న వాలంటీర్ ఉంటారు. బాగానే ఉంటుంది, కాదనను. కానీ అలాంటి ఫామ్‌ని రెండు మూడు సీజన్లు నడిపినవాళ్ళని కదిపి చూడండి, వాళ్ళు చెప్పేవి వేరే కథలు, నారు వేసే రోజు నిలబడ్డానికి చోటు లేనంత జనం వచ్చారు గానీ కలుపు తీసే టైమ్‌కి నలుగురే మిగిలారు, కోసిన బీన్స్ ఎవరికివ్వాలో తేల్చుకునేసరికి సగం వాడిపోయాయి, సీజనంతా కనబడని పెద్దమనిషి కోత రోజు మాత్రం రెండు సంచులతో దిగాడు, ఇలాంటివి. విత్తనం గురించో ఎరువు గురించో డౌట్ వస్తే అడగడానికి ఎవరో ఒకరు దొరుకుతారు. చేతికొచ్చిన పంట ఎవరు తీసుకెళ్ళాలి, ఏ రూల్ ప్రకారం తీసుకెళ్ళాలి అన్నది మాత్రం మొదలుపెట్టేటప్పుడు ఎవరూ మాట్లాడుకోరు, మాట్లాడితే చీప్‌గా ఉంటుందేమో అని మొహమాటం. నన్నడిగితే చాలా ఫామ్‌లు పాడయ్యేది ఆ మొహమాటం వల్లే.

ముందు కూరగాయల వైపు నుంచి చూద్దాం, ఎందుకంటే వాటికి మన వీకెండ్‌తో సంబంధం లేదు. బీన్స్, బెండ, కీర లాంటివి కాపు మీద ఉన్నప్పుడు రోజు విడిచి రోజు కోయాల్సిందే. బెండకాయ ఇంకో రెండు మూడు రోజులు మొక్క మీదే ఉండిపోతే పీచు పట్టి ముదిరిపోతుంది, కీర లోపల గింజ గట్టిపడుతుంది, అక్కడితో అయిపోదు, గింజ తయారవుతోందంటే మొక్కకి ఇక కొత్త పూత పూయాల్సిన తొందర ఉండదు కాబట్టి కాపే తగ్గిపోతుంది, అంటే ఒక్క కోత తప్పితే ఆ వారం కాయలతో పాటు వచ్చే వారాల కాయలు కూడా పోయినట్టే. వాలంటీర్లేమో ఆదివారం వస్తారు. పాపం వాళ్ళ తప్పేం లేదు, మిగతా రోజులు వాళ్ళకి ఉద్యోగాలున్నాయి.

కోశాక ఇంకో తొందర. కోసిన ఆకు గానీ కాయ గానీ అక్కడితో చచ్చిపోదు, శ్వాస తీసుకుంటూనే ఉంటుంది, వేడి పుట్టిస్తూనే ఉంటుంది, చుట్టూ ఉన్న వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ వేగం సుమారుగా రెండు మూడు రెట్లవుతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు ఆకుకూరలు ఎండెక్కకముందే కోసి వెంటనే నీడలోకి లాగేస్తారు, చల్లటి నీళ్ళలో ఒకసారి ముంచి తీస్తారు, తడిగుడ్డ కప్పుతారు. అదే ఆకుకూర మధ్యాహ్నం కోసి ఆ వేడితోనే ప్లాస్టిక్ సంచిలో కుక్కి కారు డిక్కీలో పెడితే సాయంత్రానికి ఎవరికివ్వడానికీ మొహం చెల్లదు. పోనీ అన్నీ ఫ్రిజ్‌లో తోసేద్దామా అంటే అదీ కుదరదు, టమాటా 12 డిగ్రీల కన్నా కింద ఎక్కువసేపు ఉంటే రుచి, వాసన పోతాయి, కీర 10 డిగ్రీల కింద కొన్ని రోజులుంటే తొక్క మీద గుంటలు పడి మెత్తబడిపోతుంది. ఇవన్నీ తెలిసిన మనిషి ఒక్కరైనా కోత రోజు అక్కడ ఉండాలి, లేకపోతే పది మంది వాలంటీర్లు చాలా ఇష్టంగా, చాలా ప్రేమగా పంటని పాడుచేసి వెళ్తారు.

కాబట్టి నాకు అర్థం కానిదేంటంటే వారానికి ఒక్కసారి మాత్రమే మనుషులు దొరికే ఫామ్‌లో రోజు విడిచి రోజు కోయాల్సిన పంటలు ఎందుకు వేస్తారు? గుమ్మడి, ఉల్లి, వెల్లుల్లి, చిలగడదుంప, బంగాళదుంప, ఇవన్నీ ఆగుతాయి. ఆదివారం వరకు ఆగుతాయి, సరిగ్గా ఆరబెడితే నెలల తరబడి కూడా ఆగుతాయి. ఫోటోలో టమాటా అంత అందంగా ఉండవు, అంతే. ఎంత మంది వస్తారు, ఏ రోజు వస్తారు అన్నది ముందు రాసుకుని ఆ తర్వాత విత్తనాల లిస్ట్ రాయాలి, దాదాపు అందరూ దీన్ని తిరగేసి చేస్తారు.

ఇక పంచడం. ఇక్కడ "మిగిలితే ఇద్దాం" అనే మాట ఎంత ప్రమాదమో చెప్పాలి. 1995లో అలాస్కాలోని యాంకరేజ్‌లో జెఫ్ లోవెన్‌ఫెల్స్ అనే తోటపని కాలమిస్ట్ తన పాఠకుల్ని ఒక చిన్న సాయం అడిగాడు, ఈసారి మీ తోటలో ఒక వరుస అదనంగా వేయండి, ఆ వరుసలో వచ్చింది ఊళ్ళో ఆకలితో ఉన్నవాళ్ళకి భోజనం పెట్టే కిచెన్‌కి ఇవ్వండి అని. ప్లాంట్ ఎ రో ఫర్ ద హంగ్రీ అనే పేరుతో అది తర్వాత అమెరికా అంతా పాకింది. నాకు ఇందులో నచ్చేది దానగుణం కన్నా ప్లానింగ్. మిగిలింది ఇవ్వడం వేరు, ఇవ్వడానికే వేయడం వేరు. మిగులు ఎప్పుడూ అందరికీ ఒకే వారం వస్తుంది, అందరి దగ్గరా అదే కూర ఉంటుంది, ఆ వారం ఎవరికీ అది అక్కర్లేదు. ముందే అనుకుని వేసిన వరుసైతే తీసుకునేవాళ్ళని అడిగి, వాళ్ళు వండుకునేదే, వాళ్ళకి కావాల్సిన టైమ్‌కే వచ్చేలా వేయొచ్చు.

అసలు చాలా చోట్ల అడ్డం పడేది మనసు లేకపోవడం కాదు, సమాచారం లేకపోవడం. న్యూజెర్సీలో ఒక కమ్యూనిటీ గార్డెన్ చూసుకునే గ్యారీ ఓపెన్‌హైమర్ తోటల్లో తాజా కూరలు వృథా అవ్వడం చూసి 2009లో ఆంపుల్‌హార్వెస్ట్ అనే వెబ్‌సైట్ మొదలుపెట్టాడు, అది చేసే పని వింటే ఇంతేనా అనిపిస్తుంది, మీ దగ్గర్లో ఏ ఫుడ్ పాంట్రీ, అంటే అవసరం ఉన్నవాళ్ళకి ఉచితంగా సరుకులిచ్చే చోటు, తాజా కూరలు తీసుకుంటుందో, ఏ రోజు ఏ టైమ్‌కి తీసుకెళ్తే వాళ్ళకి వీలో చెప్తుంది. ఆ టైమ్ అన్నదే కీలకం. ఫ్రిజ్ లేని పాంట్రీకి పొద్దున తీసుకెళ్ళిన ఆకుకూర మధ్యాహ్నం కల్లా ఎవరింట్లోనో ఉంటుంది, సాయంత్రం తీసుకెళ్తే రాత్రంతా అక్కడే కుళ్ళుతుంది. చట్టం భయం కూడా ఉండేది, ఇచ్చింది తిని ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే మన మీద కేసు పడుతుందేమో అని. అమెరికా 1996లో బిల్ ఎమర్సన్ పేరుతో చట్టం చేసి మంచి ఉద్దేశంతో ఆహారం దానం చేసినవాళ్ళకి, ఘోరమైన నిర్లక్ష్యం గానీ కావాలని చేసిన తప్పు గానీ ఉంటే తప్ప, బాధ్యత లేకుండా చేసింది.

ఇప్పుడు అందరూ తప్పించుకునే టాపిక్. పని చేసినవాళ్ళకి ఎంత, చేయనివాళ్ళకి ఎంత?

ఎక్కువ మందికి వెంటనే తట్టే ఐడియా ఏంటంటే గంటలు లెక్కపెట్టి బుట్టలు ఇవ్వడం, నాలుగు గంటలు చేస్తే ఒక బుట్ట అని. న్యాయంగానే అనిపిస్తుంది. కానీ అలా రాసిన రోజునే మీరు తెలియకుండా ఒక కూలి రేటు ఫిక్స్ చేసినట్టు, అది కూడా చాలా తక్కువ రేటు, ఇష్టంగా వచ్చిన మనిషి మొదటిసారి మనసులో లెక్కేసుకుంటాడు, నాలుగు గంటలకి ఈ బుట్టేనా, ఇంతకన్నా కొనుక్కోవడం నయం కదా అని. ఇజ్రాయెల్‌లోని హైఫాలో డే కేర్ సెంటర్ల మీద చేసి 2000లో పబ్లిష్ చేసిన ఒక స్టడీ ఉంది, పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్ళే పేరెంట్స్‌కి ఫైన్ పెట్టారు, ఆలస్యాలు తగ్గలేదు సరికదా దాదాపు రెట్టింపయ్యాయి, ఎందుకంటే అప్పటిదాకా టీచర్ ముందు మొహమాటపడ్డవాళ్ళు ఇప్పుడు డబ్బు కట్టాం కదా అనుకున్నారు. తర్వాత ఫైన్ తీసేసినా పాత మొహమాటం తిరిగి రాలేదు. ఫామ్ డే కేర్ ఒకటి కాదు, ఒప్పుకుంటా, కానీ ఒకసారి రేటు కట్టిన సంబంధం మళ్ళీ మామూలు కావడం కష్టం అన్న విషయం మాత్రం నాకు ఇక్కడ కూడా సరిపోతుందనే అనిపిస్తుంది.

దీనికి పూర్తిగా అటు చివర ఉన్న ఊరు ఇంగ్లండ్‌లోని టాడ్‌మార్డెన్. 2008లో అక్కడ కొందరు పోలీస్ స్టేషన్ ముందు, రైల్వే స్టేషన్ దగ్గర, కాలువ గట్టున కూరలు వేసి ఎవరికి కావాలంటే వాళ్ళు కోసుకోండి అని బోర్డులు పెట్టారు, ఇన్‌క్రెడిబుల్ ఎడిబుల్ అన్న ఆ పద్ధతి తర్వాత వేరే దేశాలకి కూడా వెళ్ళింది. ఎవరో వచ్చి అంతా ఊడ్చుకుపోతారు కదా అని మనకి అనిపిస్తుంది, ఆ ప్రశ్న వాళ్ళకీ ఎదురైంది. కానీ రోడ్డు పక్క మడికీ ఒక కుటుంబం నెల రోజుల కూర మీద ఆశ పెట్టుకున్న ఫామ్‌కీ తేడా ఉంది, మొదటిది ఊరిని కలపడానికి, రెండోది కడుపు నింపడానికి, కాబట్టి టాడ్‌మార్డెన్ రూల్‌ని అలాగే తెచ్చి ప్రతి ఫామ్‌కి అతికించమని నేను చెప్పను.

నాకు ఎక్కువ నచ్చే ఆలోచన జపాన్‌ది. అక్కడ 1970ల్లో ఊపందుకున్న టేకేయ్ అనే పద్ధతిలో రైతులూ తినేవాళ్ళూ నేరుగా ఒప్పందం చేసుకుంటారు, 1978లో దానికి పది సూత్రాలు రాసుకున్నారు, అందులో ఒకటి పండినదంతా తినేవాళ్ళు తీసుకోవాలి అని. ఇంకోటి పంపిణీ కూడా రెండు వర్గాలూ తామే చేసుకోవాలి, మధ్యలో వేరేవాళ్ళ మీద ఆధారపడకూడదు అని. అంటే వాళ్ళు మొదటిరోజే పంచే పనిని కూడా వ్యవసాయంలో భాగంగానే చూశారు. 1986లో అమెరికాలోని మసాచుసెట్స్, న్యూ హాంప్‌షైర్‌లలో ఇలాంటి ఆలోచనతోనే సీఎస్ఏ (కమ్యూనిటీ సపోర్టెడ్ అగ్రికల్చర్) ఫామ్‌లు మొదలయ్యాయి, సీజన్ మొదట్లోనే సభ్యులు డబ్బు కట్టేస్తారు, పంట బాగుంటే బుట్ట నిండుతుంది, వడగళ్ళు పడితే ఖాళీ బుట్ట కూడా అందరూ పంచుకుంటారు. వాలంటీర్ ఫామ్‌లో డబ్బు ఉండకపోవచ్చు, కానీ నష్టం పంచుకుంటామని ముందే ఒప్పుకోవడం ఉండొచ్చు కదా.

కాబట్టి నేను చెప్పేదేంటంటే పనినీ బుట్టనీ విడదీయండి. పని విషయంలో కచ్చితంగా ఉండండి, ఎవరు ఏ రోజు వస్తారో పేర్లు రాయండి, బుధవారం కోతకి ఇద్దరు ఒప్పుకోకపోతే ఆ పంట వేయకండి. బుట్ట విషయంలో మాత్రం ఎంత చేశావ్ అని అడగకండి, ఇంట్లో ఎంతమంది, ఈ వారం ఏం కావాలి అని అడగండి. ఎగ్గొట్టేవాళ్ళు ఉంటారు, ఎందుకుండరు. ఉమ్మడి చెరువులు, పచ్చిక బయళ్ళు, సాగునీటి కాలువలు వందల ఏళ్ళు ఎలా నిలబడ్డాయో చూసి 2009లో ఎకనామిక్స్ నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ గమనించింది ఏంటంటే, నిలబడ్డ చోట్ల రూల్స్ వాడుకునేవాళ్ళే పెట్టుకున్నారు, కాపలా కూడా వాళ్ళే ఉన్నారు, శిక్ష చిన్నదాంతో మొదలై తప్పు రిపీట్ అయితేనే పెరిగింది. ఫామ్ భాషలో చెప్పాలంటే మొదటిసారి రాకపోతే ఒక ఫోన్ కాల్, గ్రూప్‌లో అందరి ముందు పరువు తీసే మెసేజ్ వద్దు. ఆ మెసేజ్ పెట్టిన ప్రతి అడ్మిన్‌కీ తెలుసు, తర్వాత వారం ఆ మనిషితో పాటు ఇంకో ఇద్దరు మానేస్తారు.

ఒక చిన్న విషయం, కానీ నాకు చిన్నది కాదు. కొన్ని ఫామ్‌లలో మంచి కాయలు వాలంటీర్లు ఏరుకున్నాక పగిలినవీ పుచ్చులున్నవీ దానానికి పెడతారు. అలా చేసేకంటే కంపోస్ట్‌లో వేయడం మర్యాద. ఒకే టేబుల్, ఒకే క్యూ, పని చేసినవాళ్ళూ అవసరం ఉండి వచ్చినవాళ్ళూ అందులోనే, అప్పుడు కొన్నాళ్ళకి ఎవరు ఎవరో కనిపెట్టడం కూడా కష్టమవుతుంది, కూర కోసం వచ్చినవాళ్ళల్లో చాలామందికి మనకన్నా బాగా మట్టి పని తెలుసు అని కూడా అప్పుడే బయటపడుతుంది.

ఇదంతా ఆకలిని తీర్చేస్తుందా అంటే లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికాలో జనం ఇళ్ళ దగ్గరా ఖాళీ స్థలాల్లోనూ కూరల కోసం సుమారు 2 కోట్ల విక్టరీ గార్డెన్లు వేశారని, దేశంలో తాజా కూరగాయల్లో దాదాపు 40 శాతం వాటి నుంచే వచ్చిందని అంచనాలున్నాయి, కమ్యూనిటీ ఫామ్ అభిమానులు ఈ నంబర్‌ని ఎక్కడ పడితే అక్కడ వాడతారు. దాని వెనక రేషన్ ఉంది, గవర్నమెంట్ ప్రచారం ఉంది, యుద్ధం అయిపోగానే చాలావరకు ఆ తోటలు కూడా అయిపోయాయి. భూమి మన పేరు మీద లేకపోతే ఎంత ప్రేమ ఉన్నా ఏం లాభం లేదన్నది ఇంకో పాఠం, లాస్ ఏంజెలెస్‌లో 14 ఎకరాల్లో సుమారు 350 కుటుంబాలు సాగుచేసుకున్న సౌత్ సెంట్రల్ ఫామ్‌ని 2006 జూన్‌లో ఖాళీ చేయించి బుల్డోజర్ నడిపారు. లీజు కాగితం ఎన్నేళ్ళకి ఉందో చూసుకోకుండా పండ్ల చెట్లు నాటేవాళ్ళని చూస్తే నాకు ఇదే గుర్తొస్తుంది.

చివరిగా డబ్బు మాట. వాలంటీర్లతో నడుస్తోంది కాబట్టి ఎవరికీ జీతం ఇవ్వకూడదు అనుకోవడం దగ్గర చాలా గ్రూపులు ఇరుక్కుపోతాయి. రోస్టర్ రాయడం, పొద్దున్నే ఫోన్లు చేయడం, పాంట్రీ టైమ్ కనుక్కోవడం, డబ్బాలు కడగడం, వ్యాన్ మాట్లాడటం, ఇవన్నీ ఎవరో ఒకరు చేస్తూనే ఉన్నారు, మామూలుగా ఒకే మనిషి, చాలాసార్లు ఒక ఆడమనిషి, రెండేళ్ళకి అలసిపోయి మానేస్తే ఫామ్ మూతపడి అందరూ ఆశ్చర్యపోతారు. గ్రాంట్ ఇచ్చేవాళ్ళకి పాలీహౌస్ కావాలి, షెడ్ మీద బోర్డు కావాలి, జీతం అంటే మాత్రం మొహం మాడ్చుకుంటారు. నా చేతిలో ఉంటే మొదటి ఏడాది డబ్బుతో పాలీహౌస్ కొనను, సగం రోజు పనికి ఒక కోఆర్డినేటర్‌ని పెట్టుకుంటా, రిపోర్ట్‌లో వేయడానికి ఫోటో లేదని ఎవరైనా అడిగితే బుధవారం కోత రోస్టర్ ఫోటో తీసి పంపిస్తా.