ఎయిర్‌బ్రష్ సూది గారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ ఎయిర్‌బ్రష్ సూది గారి సముఖమునకు,

నమస్కారములు. ఉభయకుశలోపరి అని రాయబోయి ఆగాను. నేను కుశలంగా లేను. మీరూ లేరని నిన్న మధ్యాహ్నం తేలిపోయింది. గాలితో రంగు చిమ్మే ఆ కలంలో, ట్రిగ్గర్ లాగితే వెనక్కి జరిగి ఎంత రంగు బయటికి రావాలో తేల్చేది తమరే కదా!

విమానం మోడల్‌కు ఎడమ రెక్క మీద ఆఖరి నీడ ఒక్కటే మిగిలింది. మాస్కింగ్ టేపు అంటించడానికే రెండు సాయంత్రాలు పట్టింది. పెయింటు పాలలా పల్చగా కలిపాను, గాలి ఒత్తిడి 15 పీఎస్‌ఐకి తగ్గించాను, అట్టముక్క మీద గీస్తే వెంట్రుకలాంటి గీత పడింది. ఆ ధీమాతో రెక్క మీదికొచ్చి ట్రిగ్గర్ వెనక్కి లాగితే తమరు కదల్లేదు. ఇంకాస్త లాగాను, ఊహూఁ. ఇంకాస్త... అప్పుడు కదిలారు, ఒక్క ఉదుటున, ఏకంగా చివరిదాకా! రెక్క మధ్యలో నల్లటి మడుగు, దాని చుట్టూ గాలికి పాకిన సాలీడు కాళ్లు.

ముందు పెయింటును తిట్టాను. తర్వాత గాలి పంపే కంప్రెసర్‌ను తిట్టాను (దానికీ మధ్యమధ్యలో నీళ్లు ఉమ్మే అలవాటుంది). ఆఖరికి వెనక నట్టు వదులు చేసి మిమ్మల్ని బయటికి లాగబోతే రానంటే రానన్నారు. వచ్చాక చూస్తే నడుం చుట్టూ ఎండిన యాక్రిలిక్ పెయింటు, సన్నటి ఉంగరంలా. పెయింటు వెనక్కి రాకుండా ఆపే ప్యాకింగ్‌నూ దాటి ట్రిగ్గర్ దాకా కారి, అక్కడే గట్టిపడి కాపురం పెట్టింది.

మీకు కావలసిందల్లా ఒక చుక్క లూబ్, అదే కందెన. అది లేకపోతే కొత్తల్లుడి అలక. పోనీ ధారాళంగా పోద్దామా అంటే, అదీ అయింది. 1879లో అమెరికాలో అబ్నర్ పీలర్ తన ఎయిర్‌బ్రష్‌కు వాడింది కుట్టుమిషన్ సూదేనని ఎక్కడో చదివి, వంశానికి అచ్చొచ్చిన నూనె కదా అని ఒకసారి కుట్టుమిషన్ నూనె పట్టించాను. అది జారి పెయింటులో కలిసింది. పూత మీద గుండ్రటి చిల్లులు పడ్డాయి. వాటిని చేపకళ్లు అంటారట. ప్రతి కన్నూ నన్నే చూసింది. ఇసుక కాగితం పట్టి మొత్తం గీకేశాను. ఇప్పుడు ఎయిర్‌బ్రష్‌ల కోసమే అమ్మే లూబ్ కొన్నాను. దాన్ని వేలి కొసతో అంటీ అంటనట్టు రాయాలి, రాసి మళ్లీ తుడిచేయాలి. రాసి తుడిచేయడమట! ఇదెక్కడి మర్యాదండీ?

యాక్రిలిక్ వేసినంతసేపూ అయిదు నిమిషాలకోసారి తమరి ముక్కు కూడా తుడవాలి, లేకపోతే కొస మీద పెయింటు ఎండి చిట్లుతుంది. చంటిపిల్లలకు కూడా ఇన్నిసార్లు తుడవలేదు. పోనీ గట్టిగా తుడుద్దామంటే కొస వంగుతుంది, వంగితే రంగు పక్కకు కొడుతుంది. తమరి కొస దూరి కూర్చునే ఆ రంగు చిమ్మే మూతి, మీ నాజిల్, దాని సంగతి వేరే ఉత్తరంలో రాస్తాను. దాని కన్నం 0.3 మిల్లీమీటర్లు, అది జారి నేల మీద పడితే నేను టార్చి పట్టుకుని బోర్లా పడుకోవాలి.

ఇక మీరూ లేదు గీరూ లేదు. విను. పోయినసారి పనయ్యాక నిన్ను విప్పి తోమకుండా కప్పులో నీళ్లు పోసి నాలుగు బుడగలు ఊది సరిపెట్టానని నీ కోపం. నిజమే. భోజనానికి పిలిచారు, వెళ్లిపోయాను. మర్నాడు చేద్దామనుకున్నాను. ఆ మర్నాడు నెలన్నర తర్వాత వచ్చింది. అంతమాత్రానికి ఇంత పగా? ఆ పగ ఏదో అట్టముక్క మీద తీర్చుకుంటే నీ సొమ్మేం పోయేది?

రాత్రి నిన్ను క్లీనర్‌లో నానబెట్టి, ఆ ఉంగరం ఊడేదాకా తుడిచి, లూబ్ రాసి, అదీ తుడిచి లోపలికి పంపాను. నాజిల్‌కు ఆనగానే ఆపేశాను, నెట్టలేదు. నెడితే ఏమవుతుందో మొదటి నాజిల్ పగిలి నేర్పింది. ట్రిగ్గర్ లాగితే వెన్నలో వేలు పెట్టినట్టు కదిలావు. ఖాళీ కాగితం మీద అర్ధరాత్రి దాకా ఊరికే గీతలు గీస్తూ కూర్చున్నాను. సన్నగా మొదలై, మబ్బులా వెడల్పయి, మళ్లీ సన్నగా కరిగిపోయే గీతలు.

రెక్క సంగతి ఆదివారం చూద్దాం. అప్పటిదాకా టోపీ పెట్టుకుని బుద్ధిగా ఉండు.

ఇట్లు,
తమరి ముక్కు తుడిచేవాడు