లోపించిన ‘అండి’

నన్ను బాధపెట్టడానికి ఎదుటివారికి తీరిక లేనప్పుడు ఆ పనిని నేనే స్వయంగా, ఎంతో శ్రద్ధగా చేసుకుంటాను. మొన్న సాయంత్రం మా అధికారికి ఒక నివేదిక పంపితే ‘చూశాను.’ అని జవాబు వచ్చింది. మామూలుగా ఆయన ‘చూశానండి’ అంటారు. ఆ ‘అండి’ ఏమైపోయింది? పైగా, ఎన్నడూ లేనిది, మాట చివర ఒక చుక్క.

వెంటనే పాత సందేశాలన్నీ తిరగేశాను. గడచిన 14 జవాబుల్లో 11 చోట్ల ‘అండి’ ఉన్నది. లేని మూడింటిలో రెండు నేను సెలవు అడిగిన రోజులవి. అంటే, ఆయనకు కోపం వచ్చిందని రుజువైనట్టే. కారణం వెతకడం ఎంతసేపు? గత వారం సమావేశంలో ఆయన మాట్లాడుతుండగా నేను ఆవులించాను. చెయ్యి అడ్డం పెట్టుకున్న మాట నిజమే గానీ, ఆయన చూసే ఉంటారు. చూశారు గనుకనే ‘చూశాను’ అన్నారు!

థామస్ గిలోవిచ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త తన సహచరులతో కలిసి 2000లో ప్రచురించిన ఒక ప్రయోగం నాకు తెలియనిది కాదు. సిగ్గుపడదగిన బొమ్మ ఉన్న చొక్కా తొడుక్కుని ఇతరులున్న గదిలోకి వెళ్లిన విద్యార్థులు, అక్కడివారిలో దాదాపు సగం మంది దాన్ని గమనించి ఉంటారనుకున్నారు. నిజానికి గమనించినవారు పావువంతు మాత్రమే. ఇది తెలిసినందువల్ల నాకు కలిగిన మేలు ఒక్కటే: మా అధికారి ఆ పావువంతులోని మనిషేనన్న నమ్మకం గట్టిపడింది.

ఇక దాన్ని తలచుకోకూడదని ముసుగుతన్నాను. తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దని డేనియల్ వెగ్నర్ అనే మరో మనస్తత్వవేత్త చెప్పిన పాపానికి, ఆయన 1987 నాటి ప్రయోగంలో పాల్గొన్నవారికి పదేపదే అదే తలపుకు వచ్చింది. నా మనసులోకి ఎలుగుబంటి వచ్చినా సర్దుకుని పడుకునేవాణ్ణి. ‘అండి’ మాత్రం పక్క దిగలేదు. చివరకు రాత్రి ఒంటిగంటన్నరకు లేచి, ‘నా వల్ల ఏదైనా పొరపాటు జరిగి ఉంటే పెద్దమనసుతో మన్నించగలరు’ అని పంపాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాడు నాకన్నా నయం; అతడు ఎవరో ఒకరు అడిగేదాకా ఆగాడు.

తెల్లవారగానే ఫోన్ మోగింది.

“ఏమిటండీ, అర్ధరాత్రి క్షమాపణలు? నిన్న లిఫ్టులో నిలబడి ఒంటిచేత్తో ఆ ఒక్క మాట కొట్టాను. నివేదిక వచ్చిందని చూశానే గానీ తెరవలేదు. మీరు ఇంతగా మథనపడుతున్నారంటే అందులో ఏదో ఉండే ఉంటుంది. ఈ రోజు అక్షరం వదలకుండా చదువుతాను.”

మూడో పేజీలోని కూడికలను నేను రెండోసారి సరిచూడలేదన్న సంగతి సరిగ్గా అప్పుడే గుర్తుకు వచ్చింది.

మధ్యాహ్నానికి ‘ఒకసారి రండి.’ అని సందేశం వచ్చింది. ‘అండి’ తిరిగి వచ్చిందని ఒక్క క్షణం ప్రాణం లేచివచ్చిన మాట వాస్తవం. అయితే అది ఆయన గౌరవంతో చేర్చినదా, లేక ‘రండి’ అన్న తరువాత ఎలాగూ తప్పనిదా అన్నది ఎంతకూ తేలక, ఆయన గది తలుపు ముందే చాలాసేపు నిలబడిపోయాను. చుక్క మాత్రం అలాగే ఉన్నది.